దీనమ్మక్క ఎంచిన టూల్

తొలివాన పడిందంటే మా ధాన్యం మార్కెట్ గాంధీ గంజ్‌లో తడిసిన గోనె సంచుల వాసన మేడమీది మా ఆఫీసు దాకా ఎక్కి వస్తుంది. మొన్న ఆ వాసన వస్తున్నప్పుడే, కొత్తగా చేరిన ఇంజినీరు నా కంప్యూటర్‌లోకి తొంగిచూసి, "తాతా, ఈ టూల్ ఏ జమానాది? ప్రతిదానికీ ఆగి అడుగుతది. తీసేసి కొత్తది పెట్టాల్నా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈ కాలం వాళ్లకు పనిముట్టంటే వేగం ఒక్కటే. అది ఇక్కడికి ఎలా వచ్చిందో వినే ఓపిక అతనికి లేదు కాబట్టి, ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

దీనమ్మక్క మా యజమానురాలు. వయసులో నాకంటే చిన్నదే అయినా గంజ్ అంతా ఆమెను అక్కా అనే పిలిచేది. ఏ రైతు కందులు ఏ గోదాములో ఉన్నాయో డేటాబేస్‌లో ఉంచడం మా పని. ఏడో తరగతితో బడి మానేసిన నేను పుస్తకాలు ముందేసుకుని డేటాబేస్‌కు ఆజ్ఞలు రాసే భాష ఎస్‌క్యూఎల్‌ను సొంతంగానే నేర్చుకున్నాను. నిదానం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అప్పట్లో మాకు బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు. నల్లటి తెర, దాని మీద టైప్ చేసే ఆజ్ఞలు, అంతే. నేను ఏదైనా మార్చబోతే కుర్చీ వెనక నిలబడి చదివి, "జర ఆగన్నా. ఖాయమేనా?" అనేది. నా వేలు గాలిలోనే ఆగిపోయేది. ఆగడమే మంచిదైన రోజులు చాలా ఉన్నాయి.

ఒక ఎండాకాలం ఆమె కిడ్నీలు పాడయ్యాయని తేలింది. హైదరాబాద్‌లో తమ్ముడింట ఉండి వైద్యం చేయించుకోవాలన్నారు. వెళ్లేముందు, ఉన్నట్టుండి, బొమ్మలూ బటన్లూ ఉండే గ్రాఫికల్ టూల్ ఒకటి ఎంచుకుందామని మూడింటిని తెప్పించింది. పరీక్ష పెట్టిన తీరు మాత్రం గంజ్ తీరే. ఇక్కడ బస్తా పైన కనబడే గింజల్ని ఎవరూ నమ్మరు. ఇనుప గొట్టం గుచ్చి అడుగు గింజలు లాగి చూస్తారు. ఆమె కూడా పైపై రంగులు చూడలేదు. డేటాబేస్‌కు నకలు తీయించి, "సంతపూర్ రైతు బస్తాలు తీసెయ్యమని రాయన్నా. గని ఏ రైతువో రాయకు," అంది.

మొదటిదాంట్లో మీట నొక్కానో లేదో, ఆజ్ఞలో ఏ రైతో లేదు కాబట్టి నకలులోని రైతులందరి బస్తాలూ మాయం. రెండోది నాకు తెగ నచ్చింది, పట్టికల మధ్య గీతలు గీసి ముచ్చటగా చూపేది. అందులోనూ మాయం. మూడోది ఎర్రగా వెలిగి ఆగింది. అన్ని వరుసలూ పోతాయి, ఖాయం చేయాలా వద్దా అని అడిగింది.

"గిదే," అంది అక్క.

"గిదేం మొఖం అక్కా! తాలూకా ఆఫీసు ఫారం లెక్కుంది. అయినా నువ్వు నల్ల తెర మీదనే కొడ్తవు గద, నీకెందుకిది?"

"నాకా?" అని నవ్వింది. "నా కోసం ఎవలు చూస్తుండ్రన్నా? నీ ఎనుక నిలబడెటోళ్లు ఒకలుండాలె గద."

నేను తెర వైపు తిరిగి కూర్చున్నాను. వెనక్కి చూడడం నావల్ల కాలేదు. ఆమె మళ్లీ గంజ్‌కు రాలేదు.

ఇంజినీరుకు ముట్టుకోవద్దని గట్టిగానే చెప్పాను. ఏదో ఒక రోజు ఆ టూల్ కొత్త యంత్రాల్లో పనిచేయదని నాకూ తెలుసు. నిన్న కమలనగర్ రైతు ఒకాయన బస్తాలు వేరే గోదాముకు మార్చాల్సి వచ్చింది. ఆజ్ఞ రాసి, తెర ఎర్రబడకముందే చెయ్యి ఆపేశాను. వెనక తెరిచిన కిటికీ, వాన వాసన.

"ఖాయమే అక్కా," అన్నాను మెల్లగా. అప్పుడు నొక్కాను.