దోన పగులు

శనివారం, మృగశిర కార్తె రేపనగా. అనంతగిరి పక్కన గుట్ట కింద, మా చెల్లెలి ఇంటి అరుగు మీద. ఉన్నవాళ్లం: నేను, మా చెల్లెలు, ఆమె భర్త, నాకంటే చిన్నవాడైన మా మేనబావ, కింది తండా పెద్దావిడ. డైరీలో ఇంతవరకే రాసి పెన్ను మూశాను. మబ్బు కమ్ముకొస్తుంటే ఎవరికీ కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు.

గుట్ట మీది అడవిలో, బండల మధ్య ఒక దోన ఉంది. వాననీళ్లు నిలిచే రాతిగుంట. దాని పక్కనుంచే పాత గొర్రెల బాట. నా చిన్నతనంలో ఎండాకాలానికి దోన ఎండిపోయేది. మా నాయన నన్ను వెంటబెట్టుకుని మందను ఆ బాటన కృష్ణ ఒడ్డుకు, వాడపల్లి దాకా తోలుకుపోయేవాడు. డెక్కల రాపిడికి బండలే నున్నబడ్డాయి. బయల్దేరే ముందు దోనలో పూడిక ఎత్తి, అడుగున ఉన్న పగులును పుల్లతో కెలికి శుభ్రం చేయడం ఆనవాయితీ. నీళ్లు కారిపోయే పగులును పూడ్చాలి గాని ఈ శుభ్రమేమిటని అడిగితే, "మా నాయన చేసిండు" అనేవాడు. నా పెళ్లి సంబంధం గురించి అడిగినా అదే జవాబు.

నాయన తర్వాత మంద లేదు; నిరుడు బావ మళ్లీ గొర్రెలు కొని ఆ పగులుకు సిమెంటు పెట్టాడు. ఈ ఎండాకాలమంతా దోనలో నీళ్లున్నాయి. తండా బావి మాత్రం మొదటిసారి ఎండింది.

"నీ గొర్లు తాగినయి, మా కోడండ్లు రోడ్డు కాణ్ణుంచి బిందెలు మోసిన్రు," అంది పెద్దావిడ. "వాన పడకముందే సిమెంటు తియ్యి కొడుకా."

"తీస్తే మండుటెండల మళ్ల వాడపల్లికి తోలాలె. నడిచేది నేనా, నువ్వా?"

"నువ్వే. జర బొజ్జ కరుగుతది."

మా చెల్లెలు కొంగు అడ్డం పెట్టుకుంది. బావ నవ్వలేదు. అరుగు దిగి, గేటు దాకా పోయి, మబ్బు చూసి, మళ్లీ వచ్చాడు. మళ్లీ పోయాడు. పెద్దావిడ చాయ్ ముట్టకుండా లేచి వెళ్లిపోయింది. ఆమె చాయ్ వద్దనడం నేను చూడటం అదే మొదటిసారి.

తెల్లవారి లేచేసరికి బావ లేడు, గడ్డపారా లేదు. ఆగి ఆగి బాట ఎక్కాను. తుంపర మొదలైంది. సిమెంటు ముక్కలు గట్టున పడి ఉన్నాయి. అడుగున మిగిలిన నీళ్లు గుడగుడమంటూ పగుల్లోకి దిగుతున్నాయి. అవి బావిని చేరతాయో లేదో పైనుంచి ఎలా తెలుస్తుంది?

బావ తల ఎత్తకుండానే అడిగాడు. "వాడపల్లి బాట యాదున్నదా బావా? అప్పుడు నేను పోరగాణ్ణి, సగం దూరం నిద్రలనే నడిచిన."

ఉన్నదన్నాను. ఏ మజిలీలో నీళ్లు దొరికేవో వరసగా చెప్పాను. చెబుతుంటే తోచింది, ఇవి తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. వచ్చే ఎండాకాలం ముందుండి చూపిస్తానన్నాను గాని, నా వయసులో వచ్చే ఎండాకాలం వాడపల్లి కంటే దూరం.