పెదవి ఎత్తే పెన్సిల్

నెల్లూరు కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పిన లెక్చరర్ గారు ఏ జంతువును చూపించినా ముందు పెన్సిల్ మొనతో దాని పైపెదవి ఎత్తేవారు. "నోరు చూడకుండా పేరు చెప్పబాకండి" అనేవారు.

ప్రాక్టికల్ పరీక్షలో, ఫార్మలిన్ సీసాలోంచి తీసిన కుందేలంత మచ్చల జంతువును పళ్ళెంలో పెట్టారు. ఆ ఘాటుకు కళ్ళు మండి, జింకపిల్ల అని రాసేశాను.

"మూషిక జింక అబ్బయా ఇది! అసలు జింకల కుటుంబమే కాదు. కొమ్ములుండవు, కోరలుంటాయి. నోరు చూసినావా?" అన్నారు. అందరూ నవ్వారు. పరీక్ష పోయింది. ఆ ఏడాదంతా మైపాడులో నాన్నతో వలలు లాగుతూ ఆ నవ్వే తలుచుకున్నాను.

మళ్ళీ కాలేజీలో చేరిన రోజే ఆయన పెన్సిల్ అడిగి తీసుకుని, ఆ జంతువు పెదవి ఎత్తాను. కోరలు లేవు. అది ఆడది.

ఆయన వంగి చాలాసేపు చూశారు. "మగదానికే పొడుగ్గా వస్తాయి. నేనూ చూడలా" అన్నారు నీరసంగా. "అయినా నువ్వు రాసింది తప్పే గదా, అబ్బయా."

సీసా చీటీ మీద 'ఆడది, కోరలు కనబడవు' అని రాశారు.

ఇన్నేళ్ళయినా నెల్లూరు వెళితే ఆ చీటీ చూసి వస్తాను. ఎవరు చెబితే దిద్దారో మాత్రం అందులో లేదు.