పెంకు మీద కోడి

మా అత్తకు నేను పంతులమ్మ పని చేయడం సుతరామూ ఇష్టం లేదు. ఆమె వాదన ఒక్కటే: బోర్డింగులో పెరిగిన పిల్లకు చాక్‌పీసు పట్టడం వచ్చు, గరిట పట్టడం రాదు. ఏటిగట్టు సభలకు బండి కట్టే ముందు ఇంటిల్లిపాది ఎదుట తేల్చి చెప్పింది.

"అక్కడ ఒక్క పూట కోడి వండి పెట్టు. మీ మావ మారడిగి తిన్నాడా, బడికి పో. లేదా, బడి తెరిచేనాటికి పొయ్యికాడ కూర్చో."

నాకు ఒళ్ళు మండింది. "సరే అత్తా" అనేశాను. మా ఆయన గుడ్లప్పగించి చూశాడు. పాపం, ఆయన నా చారు తిన్నవాడు.

ఆ రోజుల్లో ఎండాకాలం సెలవుల్లో కృష్ణ ఒడ్డున సభలు జరిగేవి. గురజాల చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలన్నీ బండ్లు కట్టుకుని, దాచేపల్లి దాటి ఏటికి వెళ్ళేవాళ్ళం. తాటాకు పందిట్లో పాటలు, ప్రార్థనలు; బండి కింద పడక, చెట్టు కింద వంట.

మేం చేరిన సాయంత్రమే నా పరీక్ష. ఇంకా గుడ్డుకు రాని పెట్టను కోయించి ముక్కలు కడిగి పెట్టుకున్నాను. అత్త దారిలో కొన్న కొత్త కుండ తెచ్చి చేతికిచ్చింది. మూడు రాళ్ళ మీద దాన్ని ఎక్కించి, మంట ఎగదోసి, తెచ్చుకున్న నూనె అంతా పోశాను. అత్త ఎదురుగా కూర్చుని రెప్ప వేయకుండా చూస్తోంది.

టప్పుమంది. కుండ విచ్చిపోయింది. నూనె మంటలో పడి భగ్గుమంది.

కొత్త కుండను ముందు నీళ్ళలో నానేసి, గంజి కాచి, ఆ తర్వాతే కూరకు వాడాలట. సత్తుగిన్నెలు తప్ప ఎరగని నాకు అదెవరు చెప్పాలి? ఆమెకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు, మహాతల్లి!

"అయ్యో పంతులమ్మా, కుండే నీకు పాఠం చెప్పిందే!" అని పకపకా నవ్వింది. పక్క బండి ఆవిడ ఇంకా గట్టిగా నవ్వింది.

"పోనీలే, అమ్మ ఏదో ఒకటి చేస్తదిలే" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఊరుకోవయ్యా!" అన్నాను. అక్కడ ఏడిస్తే నా బడి పోయినట్టే. పలక ఎత్తి చూపించే పిల్లల మొహాలు గుర్తొచ్చాయి. వాళ్ళను వదులుకోలేను.

ఉన్న ఒక్క ఇత్తడి గిన్నెలో జొన్న సంకటి ఉంది. కుండ పక్క ముక్క మాత్రం వెడల్పుగా, కాస్త లోతుగా, మూకుడులా మిగిలింది. పగిలినదాన్ని ఇంకేం పగలగొడతారు? మంట లాగేసి, నిప్పుల మీద ఆ పెంకు పెట్టాను. నూనె లేదు కదా, కోడి కొవ్వే ముందు వేశాను. చిటపటలాడుతూ కరిగింది. ముక్కలకు ఉప్పు, పసుపు, దంచిన వెల్లుల్లి, మా పల్నాటి కారం దట్టంగా పట్టించి పరిచాను. పైన మోదుగ విస్తరి బోర్లించాను. నీళ్ళు చుక్క పోయలేదు. పోస్తే నిలవడానికి కుండ ఏది?

తిప్పుతూ కూర్చున్నాను. కాసేపటికి వాసన లేచింది.

"ఏంది వదినా, చానా కమ్మగా వస్తందే!" అంటూ పక్క బండి ఆవిడ మా అత్త పక్కన వచ్చి చతికిలబడింది. ఇందాక నవ్విన నోరే!

మా మామ ప్రార్థన ఎప్పుడూ పొడుగు. ఆ పూట మాత్రం రెండు మాటల్లో ఆమేన్ అనేశాడు. ఒక ముక్క నమిలాడు. రెండోది నమిలాడు. విస్తరిలోవి అయిపోయాక తలెత్తకుండానే విస్తరి ముందుకు జరిపాడు.

"ఇంకో నాలుగు ముక్కలెయ్యమ్మా."

"విన్నావా అత్తా!" అని కేక పెట్టాను. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా ఎరగను. మా ఆయన పెంకుకు అంటుకున్న కారాన్ని సంకటి ముద్దతో తుడుచుకుని తింటున్నాడు.

అత్త ఎముక నమిలి పారేసి, "ఉప్పు తగ్గింది" అంది. అని, ఇంకో ముక్క తీసుకుంది.

తిరుగు ప్రయాణంలో బండిలో గడ్డి కింద ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే ఆ పెంకే. శుభ్రంగా తోమి, గోనెగుడ్డలో చుట్టి ఉంది. అత్త ఏటి వైపు చూస్తూ కూర్చుంది. నేను దాన్ని మళ్ళీ చుట్టి గడ్డి కిందే పెట్టేశాను.

బడి తెరిచిన పొద్దున నేను తయారై వచ్చేసరికి పొయ్యి రాజుకుని ఉంది. పొయ్యి మీద పెంకు, దాని ముందు అత్త. నా వైపు తిరగకుండానే అంది:

"ఏమే, గంట కొట్టింది వినపళ్ళా? పిల్లకాయలు నీకోసం చూస్తా ఉంటారు, పో."