గుడ్లగూబ కూత నేర్చిన పిల్ల

కాస్త ఇటు జరిగి కూర్చోండమ్మా. గోడకి ఆనుకోండి, నడుము నొప్పి పుట్టకుండా ఉంటుంది. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడానికి చెవులు అక్కర్లేదు కదా. నేను చదువుకున్నది తక్కువ. మూడో తరగతిలో బడి మానేశాను, మళ్ళీ మూడో తరగతి గదిలో అడుగుపెట్టింది ఆయాగానే. కానీ చూసింది, విన్నది నాకు పోదు. ఆ పిల్ల సంగతి అట్లాగే ఉండిపోయింది.

బెజవాడలో ఆటోనగర్ దగ్గర సందుల్లో ఒక చిన్న ప్రైవేటు స్కూలు ఉండేది. చుట్టూ లారీలకు బాడీలు కట్టే షెడ్లు. పొద్దున ప్రార్థన మొదలుపెట్టేసరికి సుత్తి దెబ్బలూ మొదలయ్యేవి. పిల్లలందరూ ఆ షెడ్లలో పనిచేసేవాళ్ళ పిల్లలే. రెండు వేలు దాటాక ఏడో ఎనిమిదో ఏడు అనుకుంటా, స్కూలుకి కంప్యూటర్ వచ్చింది, వెనకే నెట్టూ వచ్చింది. దానికొక గది, కిటికీలకు పరదాలు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. చేతులు కడుక్కున్నాక గానీ నన్ను కూడా తుడవనిచ్చేవాళ్ళు కాదు.

మూడో తరగతి టీచరమ్మ మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేది. చిన్న వయసు, గంజి పెట్టిన నేత చీరలు కట్టేది. పిల్లలు పుస్తకంలో బొమ్మ చూసి కాదు, ప్రాణమున్నదాన్ని చూసి నేర్చుకోవాలని ఆమె పట్టుదల. వెతగ్గా వెతగ్గా ఆ నెట్టులో ఒకటి దొరికింది. సముద్రాల అవతల ఏదో దేశంలో, ఒక రైతు గడ్డి కొట్టంలో చెక్కపెట్టె బిగించి, అందులో కెమెరా పెట్టారట. ఆ పెట్టెలో గుడ్లగూబ గుడ్ల మీద కూర్చుంది. అక్కడ అది ఏం చేస్తుంటే ఇక్కడ అదే కనబడుతుంది.

మొదటిరోజు నేనూ తలుపు దగ్గర నిలబడి చూశాను. అక్కడ రాత్రి కాబట్టి బొమ్మకి రంగు లేదు. బూడిదరంగు చీకట్లో రెండు కళ్ళు మాత్రం దీపాల్లా వెలుగుతున్నాయి. చాపల మీద కూర్చున్న పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పట్టుకున్నారు.

“టీచర్, అది మనల్ని చూస్తందా?”

“లేదమ్మా. మనం దాన్ని చూస్తాం. అదెక్కడో ఉంది.”

“మరి నావైపే చూస్తందిగా.”

“నీవైపు చూడక ఇంకేం చేస్తుందిరా, నీ మొహం ఎలకలా ఉంటే,” అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో భయం పోయింది.

నాకు మాత్రం పోలేదు. మాది హనుమాన్ జంక్షన్ అవతల పల్లె. చిన్నప్పుడు మా బాబాయి వాళ్ళ ఇంట్లోకి గుడ్లగూబ దూరితే, ఆ పూటే వంట సామాను బయట పడేసి, తలుపుకి తాళం వేశారు. నెలల తరబడి గొడ్లసావిట్లో కాపురం ఉండి, పంతుల్ని పిలిచి శాంతి చేయించుకున్నాకే మళ్ళీ ఇంట్లో పొయ్యి వెలిగించారు. మనవైపు ఎవరినడిగినా అదే చెబుతారు. ఆ మాటే టీచరమ్మతో మెల్లగా అన్నాను.

“ఇది గదిలోకి రాలేదు ఆయమ్మా, తెరమీద కనబడుతుందంతే,” అని నవ్వింది. సరేననుకున్నాను.

పిల్లలకి మాత్రం ఎంత హుషారు వచ్చిందో చెప్పలేను. పుస్తకం తెరవమంటే ఆవలించేవాళ్ళు ఆ గుడ్లు ఎప్పుడు పగులుతాయా అని గంట కొట్టకముందే వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్ళు. మగపక్షి ఎలకను తెచ్చి ఇస్తే, ఒక పిల్లవాడు లేచి, వాళ్ళ తాత పొలంలో బుట్టలు పెట్టి ఎలకలు ఎట్లా పడతారో చెప్పాడు. వాడు అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఆ ఏడాది తల్లిదండ్రుల మీటింగులో కరస్పాండెంట్ గారు కోటు వేసుకుని మరీ చెప్పారు.

“మేము చూపించేది బొమ్మ కాదండీ, వీడియో కూడా కాదు. లైవ్. ప్రాణంతో ఉన్నది, ఈ నిమిషాన ఉన్నది ఉన్నట్టు మీ పిల్లల ముందు ఉంటుంది.”

తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. ఏ పక్షి అని ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ఇప్పుడు ఆ పిల్ల గురించి చెప్పాలి. మా సందులోనే, రెండిళ్ళ అవతల అద్దె వాటాలో ఉండేవాళ్ళు. తండ్రి లారీ షెడ్డులో వెల్డింగు పని. ఒక్కతే కూతురు. అల్లరిదీ, మాటకారిదీ, ఎవరి గొంతైనా పట్టేసేది. నేను మెట్లు కడుగుతూ విసుక్కోవడం నా ఎదురుగానే అనుకరిస్తే నాకే నవ్వొచ్చేది. ఒకరోజు టీచరమ్మ బత్తాయి కాయ, టార్చి లైటు తెచ్చి, మనకు పగలైతే వాళ్ళకు రాత్రెట్లా అవుతుందో తిప్పి చూపించింది. అందరూ కాయవైపు చూస్తుంటే, ఈ పిల్ల తెరవైపు చూస్తూ అంది.

“అయితే టీచర్, గుడ్లగూబ పగలు పడుకుంటదన్నారుగా. వాళ్ళ పగలంటే మన రాత్రి. అంటే అది మనం పడుకున్నప్పుడే పడుకుంటంది, మనం లేచినప్పుడే లేస్తంది. మనలాగే.”

టీచరమ్మ టార్చి ఆర్పడం కూడా మరిచిపోయి ఆ పిల్లని చూసింది. ఆనాటి నుంచి ఆ పక్షి ఆ పిల్లదైపోయింది.

గుడ్లు పగిలాయి. పిల్లలు బయటికొచ్చి, కుక్కరు కూతకొచ్చేముందు బుసకొట్టినట్టు ఒకటే బుస. తల్లి అరిస్తే గుడ్డ పరపరా చించినట్టుండేది. ఈ పిల్ల వారం తిరక్కుండా రెండూ నేర్చేసింది. వెనక వరసలోంచి అరిస్తే తెరమీద నుంచి వచ్చిందో, దీని గొంతులోంచి వచ్చిందో తెలిసేది కాదు.

అప్పటికే దీని తండ్రి మంచాన పడ్డాడు. ముందు కామెర్లన్నారు, పసరు పోయించారు. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకువెళ్తే లివరు బాగా పాడైంది, ఆలస్యంగా తెచ్చారన్నారు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. కాళ్ళూ పొట్టా ఉబ్బి, కళ్ళు పసుపు ముద్దలై, మనిషి ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. ఒక సాయంత్రం నేను చారు కాచి గిన్నెలో తీసుకువెళ్ళాను. పిల్ల యూనిఫాం కూడా విప్పలేదు. తండ్రి మంచం పక్కన గొంతుక్కూర్చుని, ఆరోజు గూట్లో ఏం జరిగిందో చెబుతోంది. తల్లి ఎలకను తెచ్చిందట, పెద్దపిల్ల లాక్కుందట. చెబుతూ చెబుతూ అరిచి చూపించింది.

వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు. వాకిట్లో బియ్యం ఏరుతున్న నాయనమ్మ చేట పక్కన పెట్టేసింది.

“ఇంట్లో మనిషి మంచాన ఉంటే ఆ కూతేంటే? నోరు ముయ్యి.”

తండ్రి మాత్రం నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, దగ్గుతూ నవ్వుతున్నాడు. ఆ మనిషి పళ్ళు కనబడి ఎన్నాళ్ళయిందో.

“ఉండనీవే అమ్మా. ఏదీ తల్లీ, ఇంకోసారి కుయ్యి.”

“వద్దురా. దాన్ని పిలిచినట్టుంది.”

“పిలవనీ. వచ్చి ఏం పట్టుకుపోద్ది, నన్ను తప్పితే?”

పిల్ల మళ్ళీ కూసింది. ఆయన మళ్ళీ నవ్వాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం అదే వరస. నాయనమ్మ చెవులు మూసుకుని వీధిలోకి వచ్చి నిలబడేది. పెళ్ళాం మాత్రం ఏమీ అనేది కాదు. ఆ నవ్వుతున్న కాసేపట్లోనే ఆయన చేత నాలుగు ముద్దలు తినిపించేది.

వాన పట్టిన ఒక తెల్లవారుజామున ఆయన పోయాడు. ఏడుపులు విని వెళ్ళాను. మనిషిని వసారాలో పడుకోబెట్టారు. నాయనమ్మ కొడుకు తల దగ్గర కూర్చుని ఉంది. కాసేపు కొడుకునే పిలిచింది. తర్వాత తల తిప్పి, మూల నిలబడ్డ పిల్లని చూసింది.

“నువ్వే పిలిచావు. రోజూ కూర్చుని పిలిచావు. వచ్చి తీసుకుపోయింది.”

అక్కడున్న ఆడవాళ్ళెవరూ కాదనలేదు. కన్నకొడుకు పోయిన తల్లి మాట, ఆ పూట ఎవరు కాదంటారు? పిల్ల ఏడుపు ఆపేసింది. రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. నేను వెళ్ళి దగ్గరికి తీసుకున్నాను. చేతులు విడదీయబోతే రాలేదు. అవేవో జిగురుతో అంటించినట్టున్నాయి.

ఆ నింద పిల్ల నెత్తిన ఉండిపోతుందా, పోతుందా అన్నదే ఇక నా బెంగ. తండ్రి ఎట్లాగూ రాడు.

మర్నాడు టీచరమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆమె నాయనమ్మ ముందు నేలమీదే కూర్చుంది.

“మామ్మగారూ, ఆ పక్షికీ దీనికీ సంబంధం లేదండీ. అది వేరే దేశంలో ఉంది. ఇక్కడ మనం చూసింది బొమ్మలాంటిదే.”

“బొమ్మ కాదని మీ సారే చెప్పాడు గదమ్మా, మీటింగులో. ప్రాణంతో ఉందన్నాడు. ఈ నిమిషాన మన ముందే ఉంటదన్నాడు. నేను ముందు వరసలోనే కూర్చున్నా. అప్పుడు నిజమై ఇప్పుడు అబద్ధం ఎట్టా అయింది?”

టీచరమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

“పోనీ, పాపదేం తప్పు లేదని ఒక్కమాట అనండి మామ్మగారూ. నేను చూపించబట్టే అది నేర్చింది. తిడితే నన్ను తిట్టండి.”

“నిన్ను తిడితే నా కొడుకు లేస్తాడా?” అని ఆవిడ గోడవైపు తిరిగింది.

చావు కబురుతో పాటు గుడ్లగూబ కబురూ సందులన్నీ తిరిగింది. చప్పట్లు కొట్టిన తల్లిదండ్రులే గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు. మా పిల్లల్ని ఆ గదిలో కూర్చోబెట్టారా అని కేకలు. కరస్పాండెంట్ గారు ఎవరితోనూ వాదించలేదు. గదికి తాళం వేయించి, పంతులుగారిని పిలిపించి శాంతి చేయించారు. గడప నేనే కడిగి పసుపు రాశాను. టీచరమ్మను ఒకటో తరగతికి మార్చారు. వాన నీళ్ళు దిగి లోపల ఆ యంత్రం ఏమైందో, ఎవరూ తెరిచి చూడలేదు.

పిల్ల ఇంకొన్నాళ్ళు స్కూలుకొచ్చింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర దాని చుట్టూ జాగా ఉండేది. ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, పక్కన కూర్చునేవాళ్ళూ కాదు. ఒకడు మాత్రం దూరం నుంచి, “ఒసే, మా ఇంటివైపు చూసి అరవమాకే, మా నాన్నకి జొరంగా ఉంది,” అన్నాడు. వాడు ఎగతాళికి అనలేదు, బతిమాలుతున్నాడు. అదే నాకు మరీ బాధ అనిపించింది. హాజరు పిలిస్తే అది పలకడం మానేసి చెయ్యెత్తడం మొదలుపెట్టింది.

పెద్దకర్మ కాగానే నాయనమ్మ పంతం పట్టి వాటా ఖాళీ చేయించింది. ఆవిడ కూతురింటికి, కోడలూ మనవరాలూ కంకిపాడులో కోడలి అన్నగారింటికి. పిల్లను అక్కడి బళ్ళో వేశారు.

కొన్ని నెలలకి, మినుములు ఇళ్ళకు చేరే రోజుల్లో, టీచరమ్మ నన్ను తోడు రమ్మంది. ఒక్కసారి చూసి రావాలంది. ఆదివారం బస్సెక్కి కంకిపాడు వెళ్ళాం. తల్లి అరుగుమీద మినుములు చెరుగుతోంది. పిల్ల పక్కనే కూర్చుని రాళ్ళు ఏరుతోంది. చిక్కిపోయింది. టీచర్ని చూసి లేచి నిలబడింది, దగ్గరికి మాత్రం రాలేదు. టీచరమ్మే వెళ్ళి పక్కన కూర్చుంది. కాసేపటికి పిల్ల, రాళ్ళు ఏరుతూనే, చాలా మెల్లగా అడిగింది.

“టీచర్, గూట్లో పిల్లలు బాగున్నాయా?”

గదికి తాళం వేశాక టీచరమ్మ మళ్ళీ ఆ గూటిని చూడలేదు. ఆ సంగతి నాకు తెలుసు.

“పెద్దవై ఎగిరిపోయి ఉంటాయమ్మా. ఈపాటికి గూడు ఖాళీ అయి ఉంటుంది.”

“వాళ్ళూ ఇల్లు ఖాళీ చేశారా?”

“ఖాళీ చేయడం కాదురా. రెక్కలొస్తే వెళ్ళిపోతాయి.”

“మనం దూరాం గదా టీచర్, వాళ్ళింట్లోకి. రోజూ చూశాంగా. మనవల్ల వాళ్ళ నాన్నకి ఏమన్నా అయిందా?”

టీచరమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. చేట చప్పుడు ఆగిపోయింది. తల్లి చేట దించి, చేతులు దులుపుకుని, పిల్ల గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

“ఇటు చూడవే. మీ నాన్న పోయింది లివరు పాడై. డాక్టరు నాతో చెప్పాడు, నువ్వు కూయకముందే చెప్పాడు. ఆ నాలుగు ముద్దలు ఆయన నీవల్లే తిన్నాడు. నువ్వేం చేయలేదు. విన్నావా?”

పిల్ల తలూపింది.

“ఏం విన్నావో చెప్పు.”

“నేనేం చేయలేదు,” అంది పిల్ల. ఎక్కం అప్పజెప్పినట్టు అంది. అని మళ్ళీ మినుముల్లోకి వంగింది.

తల్లి మావైపు చూసింది. “రోజూ చెప్పిస్తన్నానండీ,” అంది. “పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. ఎప్పటికైనా నమ్ముద్దని.”

మజ్జిగ ఇచ్చింది, తాగాం. తిరుగు బస్సులో టీచరమ్మ కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆ పిల్ల నమ్మిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఎప్పుడు తలచుకున్నా, ఆ తల్లి ఇంకా చెప్పిస్తూనే ఉన్నట్టుంటుంది.

ఇంతసేపూ విన్నారు, చల్లగా ఉండండి తల్లీ. మీ వాకిట్లో ఎవరూ మంచాన పడకూడదు. పడ్డా లేచి తిరగాలి. మీ ఇంట పసివాళ్ళ మీద ఎవరి కష్టం తాలూకు నిందా వాలకూడదు. మీ పొయ్యి ఆరకూడదు, మీ గడపకు తాళం పడకూడదు.