బండ పగుళ్లలో బాపు, నేను

సమ్మెకు బస్సులన్నీ డిపోల్లోనే నిలిచిపోయిన రోజులవి. జనగామలో కండక్టరుగా చేస్తున్న మా బాపు, నాకు ఊహ తెలిశాక మొదటిసారి అన్ని రోజులు చిల్పూర్‌లో మాతో ఉన్నాడు. పొద్దున ఊళ్లోని తెలంగాణ దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఏం చేయాలో తోచక అటూ ఇటూ తిరిగేవాడు.

నేనప్పుడు డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతున్నాను. కాలేజీ మూతపడినా, తెరిచాక నెలలోగా ఎండబెట్టి అతికించిన మొక్కల రికార్డు ఇవ్వాలన్నారు. నా వంతుకు వచ్చినవి రాతి పగుళ్లలో బతికే మొక్కలు.

“గడ్డి ఏరుడు గూడ సదువేనా బిడ్డా?” అని బాపు నవ్వేవాడు. నాకు మనసు చివుక్కుమనేది.

ఒకరోజు గుట్టకు బయల్దేరుతుంటే, “ఒక్కదానివి పోకు, నేనొస్త” అని వెంట వచ్చాడు.

నిలువు బండ పగుల్లో, జానెడైనా లేని మయూరశిఖ మొక్క కనిపించింది. ఆకులు చిట్టి విసనకర్రల్లా విచ్చుకుని ఉన్నాయి. పట్టుకుని లాగాను. ఆకు చేతికొచ్చింది, వేరు రాలేదు. ఇంకోదాన్ని లాగినా అంతే. వేరు లేకపోతే రికార్డుకు పనికిరాదు.

“ఆగు, గట్ల గుంజకు” అంటూ బాపు బండ మీద బోర్లా పడుకుని, పుల్లతో మట్టిని కొంచెం కొంచెంగా గీరసాగాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

“మన్ను పిడికెడు గూడ లేదు. గీడ గింజ ఎవలేసిన్రు?”

“దీనికి పువ్వు లేదు, గింజ లేదు బాపూ” అని ఆకు తిప్పి, అడుగున అంటుకున్న గోధుమరంగు పొడి చూపించాను. “గిది గాలికి కొట్టుకపోయి, యాడ జర తడి దొరికితె ఆడ మొలుస్తది. ఎండకు ముడుసుకుంటది, వానకు మల్ల ఇప్పుకుంటది.”

బాపు ఆ పొడిని వేలికి రాసుకుని చాలాసేపు చూశాడు.

“అయితె గిది బస్సెక్కకుంటనే ఊర్లు తిరుగుతదన్నట్టు!”

ఇద్దరం పగలబడి నవ్వాం. వేరుతో ఒక్క మొక్క తీసి, మిగతావి ముట్టొద్దన్నాడు.

సమ్మె ముగిసి బస్సులు కదిలాయి. వారం తిరక్కుండానే బాపు తడి కాగితంలో చుట్టిన మొక్క తెచ్చాడు. మహబూబాబాద్ దారిలో బస్సు ఆగినప్పుడు తీశాడట. తర్వాత భూపాలపల్లి నుంచి ఇంకొకటి. ఏ దిక్కు బండ, నీడ ఎంత, పక్కన తేమ ఉందా అన్నీ చీటీ మీద రాసుకొచ్చేవాడు. ఆ చీటీలను కూడా రికార్డులో అతికించాను.

“ఇంత వివరంగా రాసిందెవరు?” అని మేడం అడిగితే, “మా బాపు, కండక్టరు” అని క్లాసంతా వినేలా చెప్పాను.

సాయంత్రం ఆ సంగతి ఇంట్లో చెప్పాను. బాపు అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, “దీనిమీద పెద్ద సదువు యాడుంటది బిడ్డా? ఫారాలు ఎప్పుడిస్తరు?” అని అడిగాడు.