డబ్బాలో మిగిలిన ముద్ద

మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు నేను అన్నం డబ్బా మూత తీశాను. తినేముందు గడియారం చూసుకోవడం గనిలో పడిన అలవాటు. రిటైరై ఆరేళ్లయినా పోలేదు. అప్పుడు నేను బ్రెజిల్ దేశంలో, సముద్రానికి దూరంగా కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో, ఎప్పుడో మూతపడిన బొగ్గు గనిలో ఒక బల్ల మీద కూర్చుని ఉన్నాను.

ఆ ఊళ్లో నా కూతురు ఉంటుంది. బొగ్గు మోసే బెల్టులు బిగించే కంపెనీలో ఇంజనీరు. ఆ చుట్టుపక్కల ఇంకా నడుస్తున్న ఒక గనిలో పని మీద వెళ్లింది. నా భార్య సంవత్సరీకం అయిన నెలకు నేను ఆమె దగ్గరికి బయలుదేరాను. గోదావరిఖనిలో మా వీధి చివర టీ కొట్టు దగ్గర నాకు వరసకు బావమరిది అయ్యే ఒకాయన, "ఏంది బావ, మనకాడ బొగ్గు ఒడిసిపోయిందా, గంత దూరం పోతున్నవు?" అని ఆటపట్టించాడు. కొత్త ఊరు చూసి రావడానికి అని అందరికీ చెప్పాను.

అది పూర్తి నిజం కాదు. తల్లి పోయినప్పటి నుంచి నా కూతురు నాతో సరిగా మాట్లాడటం లేదు. ఫోను చేసేది, గోలీలు వేసుకున్నావా అని అడిగేది, పెట్టేసేది. కోపం ఉందని తెలుస్తూనే ఉంది. తల్లిని హైదరాబాదు తీసుకుపోవడంలో ఆలస్యం చేశానని ఆమె బాధ అని నాకు నేనే నిర్ణయించుకున్నాను. ఎదురుగా కూర్చుని ఆ సంగతి మాట్లాడుకుని, నా కూతురిని మళ్లీ దగ్గర చేసుకోవాలని వెళ్లాను. పెట్టెలో బట్టల కింద దవాఖాన కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టుకున్నాను. ఏ రోజు ఏ పరీక్ష చేశారు, ఎవరు ఏమన్నారు, అన్నీ వరసగా ఉన్నాయి. గనిలో ఏదైనా జరిగితే విచారణకు కాగితాలు ఎలా సిద్ధం చేసేవాడినో అలాగే చేశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

వెళ్లిన మొదటి వారం ఆ మాట ఎత్తడానికి సందు దొరకలేదు. ఆమె పొద్దున్నే డ్యూటీకి పోయేది, సాయంత్రం అలసిపోయి వచ్చేది. నేను ఊళ్లో తిరిగేవాడిని. మనకు వానలు పడే నెలలు వాళ్లకు చలికాలం. ఒక చర్చి, దాని ముందు చెట్లున్న చిన్న మైదానం, నాలుగు బెంచీలు. పన్నెండు కొట్టగానే కొట్లన్నీ మూసి మనుషులు అన్నానికి ఇళ్లకు పోతారు. ఒంటిగంటన్నర దాకా వీధిలో ఎవరూ ఉండరు. ఊరి చివర గని నుంచి తీసిన నల్లరాతి గుట్ట ఉంది. దాని కింది నుంచి తుప్పు రంగు నీళ్లు పారుతాయి. మన గనుల దగ్గర తవ్వి పోసే ఓబీ మట్టి గుట్టలు చూసిన కళ్లకు అది కొత్తగా అనిపించలేదు.

నా కూతురు ఒక ముసలామె ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉంది. అవ్వ అని పిలుస్తుంది. ఆ పిలుపుకు అర్థం తెలియకపోయినా ఆమె పలుకుతుంది. ఆమె భర్త కూడా ఆ పాత గనిలోనే పని చేశాడట. చాలా ఏళ్ల కింద పోయాడు. వంటగది గోడ మీద టోపీ పెట్టుకున్న ఫొటో ఉంది. ఆ గనిని ఇప్పుడు చూడవచ్చే వాళ్ల కోసం తెరిచి ఉంచారు. నేను చూసి వస్తానంటే నా కూతురు ఫోను చేసి మాట్లాడి పెట్టింది. అవ్వ నాకు అన్నం కట్టింది. అన్నం, నల్లటి గింజల పప్పు, వేయించిన కర్రపెండలం పిండి, ఒక కోడి ముక్క. ఆ అల్యూమినియం డబ్బా తన భర్తదేనని ఫొటో వైపు చెయ్యి చూపించి చెప్పింది.

గని చూపించే మనిషి నా వయసువాడే. అతని దగ్గు వినగానే లోపల చాలా ఏళ్లు చేశాడని అర్థమైంది. నాకు టోపీ, లైటు ఇచ్చాడు. ఆ రోజు చూడవచ్చినవాడిని నేనొక్కడినే. లోపలికి నడుస్తూ ఒకచోట ఆగి, రాయి వదులైందేమోనని చేతిలోని ఇనుప కడ్డీతో గని పైకప్పును రెండుసార్లు కొట్టి విన్నాడు. నేను చెయ్యి చాచాను. ఒక్క క్షణం చూసి కడ్డీ ఇచ్చాడు. నేనూ కొట్టి విన్నాను. గట్టి శబ్దమే వచ్చింది. ఇద్దరం తల ఊపుకున్నాం. మా మధ్య జరిగిన మాటలు అంతే. ఇంకొంచెం లోపల, పూర్వం కార్మికులు తినే చోట, పొడుగాటి బల్ల ఉంది. అతను తన డబ్బా తీసి నన్ను కూర్చోమన్నాడు. పక్కపక్కనే కూర్చుని తిన్నాం. తిని మూత పెట్టి డబ్బా సంచిలో వేసుకున్నాను.

అందులో ఒక మూలకు ఒక ముద్ద మిగిల్చానని ఆ క్షణాన నాకు తెలియదు.

ఆ అలవాటు గురించి ఇక్కడ చెప్పాలి. గని కార్మికుల కోసం కట్టిన సెంటినరీ కాలనీలో, మా వరుస క్వార్టర్లలో, గనిలోకి తీసుకుపోయిన అన్నం మొత్తం తినేవాళ్లు కాదు. ఒక ముద్ద వెనక్కి తెచ్చేవాళ్లు. దాన్ని పిల్లలు తినేవాళ్లు, పిల్లలు లేని ఇంట్లో భార్య తినేది. నేను కొత్తగా చేరినప్పుడు నాతో పని చేసే పెద్దాయన, నేను డబ్బా ఊడ్చి తింటుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"జర ఉంచు తమ్మీ. ఇంటికాడ దాని కోసం చూస్తరు. గది ఉంటెనే పైకి రావాలె అనిపిస్తది," అన్నాడు.

అలా చాలా ఏళ్లు తెచ్చాను. నా కూతురు పుట్టి నడక నేర్చాక, ఫస్టు షిఫ్టు అయి వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడేది. నేను సైకిలు దిగకముందే డబ్బా అందుకునేది. ఎండి గట్టిపడిన ఆ ముద్దలో ఏముందో గాని, ఇంట్లో వేడన్నం వద్దని అదే తినేది.

తరువాత నేను షిఫ్టు బాధ్యత చూసే ఓవర్‌మెన్‌నయ్యాను. అన్నం గని పైన ఆఫీసులో తోటివాళ్లతో కలిసి తినడం మొదలైంది. ఒకరోజు మూత పెడుతుంటే పక్కనున్నతను చూసి, "ఏందన్నా, ఓవర్‌మెన్‌వు అయినంక గూడ ఇంటికి ఎంగిలి మోస్తవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరునాటి నుంచి డబ్బా ఖాళీగా తెచ్చాను. నా కూతురికి అప్పుడు ఆరేళ్లు. ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి అది ఎవరికీ అక్కర్లేదనుకున్నాను.

ఆ రోజు గని చూసి నేను ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. నా కూతురు కూడా అప్పుడే వచ్చి బూట్లు విప్పుకుంటోంది. అవ్వ డబ్బా కడగడానికి మూత తీసింది. లోపలికి చూసి ఏదో అంది.

"వంట మంచిగ లేదా అని అడుగుతుంది బాపు."

చాలా బాగుందని చెప్పమన్నాను. చెప్పింది. అవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ ఏదో అంది. నా కూతురు నవ్వుతూ, "మంచిగుంటె ఇదేంది? మా ఇంట్ల కుక్క గూడ లేదు, ఎవలికి తెచ్చిండు మీ నాయిన? అంటుంది," అని లేచి వచ్చి డబ్బాలోకి చూసింది.

ఆ నవ్వు ఆగిపోయింది. నేనూ అప్పుడే చూశాను. మూలకు నొక్కి పెట్టిన ముద్ద. ఇరవై ఏళ్లకు పైగా చేయని పని, టోపీ, లైటు, పక్కన ఇంకొక గని మనిషి ఉండేసరికి చెయ్యి తనంతట తాను చేసింది.

నా కూతురు అవ్వ వైపు తిరిగి ఆ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. అది నా మాటకు అనువాదం కాదు. చాలాసేపు చెప్పింది. అవ్వ వింటూ నా వైపు చూసింది, ఫొటో వైపు చూసింది. చివరికి డబ్బాకు మూత పెట్టి, కడగకుండానే గట్టు మీద ఉంచి లోపలికి వెళ్లిపోయింది.

"బయటికి పోదాం పా బాపు," అంది నా కూతురు.

చర్చి ముందు బెంచీ మీద కూర్చున్నాం. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చుంది. నేను ఎదురుచూసిన సమయం ఇదే అనుకుని, హైదరాబాదు సంగతి ఎత్తుకున్నాను. మొదటి పరీక్ష ఏ రోజు చేశారో చెబుతుంటే ఆమె ఆపింది.

"గది కాదు బాపు. గవన్నీ నాకు ఎరుకే. నీ తప్పు లేదు అండ్ల."

తరువాత తను చెప్పింది. నేను ముద్ద తేవడం మానేశాక, బిడ్డ అందుకోకముందే మా ఆవిడ గుమ్మంలోనే నా చేతిలోంచి డబ్బా తీసుకుని లోపలికి పోయేదట. కుండలోంచి కొంచెం చల్లన్నం తీసి, కూర కలిపి, డబ్బాలో ఒక మూలకు నొక్కి, మూత పెట్టేదట. కాసేపాగి బిడ్డను పిలిచి, బాపు తెచ్చిండు, తిను అనేదట. పదో తరగతి దాకా నా కూతురు అది నేను తెచ్చిందే అనుకుంది. ఒకరోజు ట్యూషను లేక తొందరగా వచ్చి, తల్లి ఆ పని చేస్తుండగా చూసింది. తల్లి మాత్రం చేతిలో పని ఆపలేదట. మీ బాపుకు చెప్పకు, పని ఎక్కువై యాది మరిచిండు, గంతే, అందట.

నేను రోజూ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ వంటగదికి, నేను పేపరు చదువుకునే కుర్చీకి మధ్య పది అడుగులు కూడా ఉండవు.

అక్కడితో అయిపోతే బాగుండేది. నా కూతురు దవాఖాన రోజుల గురించి మొదలుపెట్టింది. హైదరాబాదు నుంచి మా ఊరి దవాఖానకు తిరిగి తెచ్చాక, చివరి వారం అది. మా ఆవిడకు చెంచాతో నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకూడదు. సెలవు మీద వచ్చిన నా కూతురు ఇంటి నుంచి నాకు అన్నం తెచ్చేది, నేను మంచం పక్కనే కూర్చుని తినేవాడిని. ఒకరోజు నా కూతురు కూడా అక్కడ ఉండగా మా ఆవిడ కళ్లు తెరిచి, "జర మిగుల్చు," అంది. నీకు పెట్టొద్దన్నారు అన్నాను. "నాకు కాదు, మిగుల్చు," అంది మళ్లీ. ఆమెకు తెలివి సరిగా లేదనుకున్నాను. అన్నం కళ్ల ముందు ఉంటే ఆమెకు ఆశ పుడుతుందని జల్ది జల్ది తినేసి, డబ్బా కడిగి తెచ్చి పెట్టాను. రెండో రోజు ఆమె పోయింది.

ఇదంతా నాకు గుర్తుంది. గుర్తు లేనిది ఆ మాట దేని గురించో.

"గా దినం అమ్మకు ఆకలి కాలే బాపు," అంది నా కూతురు. "ముద్ద మిగిలితె ఇంటికి వస్తరు అనేది గద. ఇంటికి రావాలె అని ఉండె ఆమెకు."

"నాకు తెల్వలే బిడ్డా," అన్నాను.

"తెల్వలే అని నాకు ఎరుకే. గందుకే కోపం. అసలు నీకు యాదే లేదనుకున్న ఇన్ని దినాలు. ఇయ్యాల గీ అవ్వ డబ్బల మిగిల్చినవు. అంటే యాదికున్నది నీకు. అమ్మ అడిగితె మాత్రం మిగుల్చలే."

ఏడాది పాటు ఇంకేదో ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్నాను. మైదానం పక్క నుంచి మైకు కట్టిన కారు ఒకటి మెల్లగా పోయింది. ఏదో అమ్మకం అనుకున్నాను. ఊళ్లో ఎవరో పోయారని, రేపు పొద్దున పూడుస్తారని చెబుతున్నారని నా కూతురు అంది. అవతలి బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్లు టోపీలు తీశారు. చలి పెరిగింది, లేచాం. ఆ దేశంలో బండ్లు మనకు ఎదురు పక్క నుంచి వస్తాయి. రోడ్డు దాటేటప్పుడు ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. దాటాక వదిలేసింది.

ఇంకా పదకొండు రోజులు అక్కడ ఉన్నాను. ఫైలు తీయలేదు. ఒక ఆదివారం ఆమె నన్ను కొండ మీద జలపాతానికి తీసుకుపోయింది. దారి పొడుగునా చెట్ల గురించి, బెల్టుల గురించి మాట్లాడింది. ఒక్క మాట అడగాలని మూడుసార్లు నోటి దాకా వచ్చింది. క్షమించావా అని అడగడం కూడా ఆమె మీద ఇంకొక బరువు పెట్టడమే అనిపించి ఊరుకున్నాను. నేను తిరిగి వచ్చే రోజు బస్టాండులో కాళ్లు మొక్కింది, మందులు మరవొద్దంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. మునుపటి కంటే కొంచెం ఎక్కువసేపు మాట్లాడుతుంది. పని ఇంకో రెండేళ్లు పొడిగించారని, ఉంటానని చెప్పింది. తల్లి మాట ఆమె ఎత్తదు, నేను ఎత్తను.

నేను పని చేసిన గని మూసేశారు. పక్కన ఓపెన్‌కాస్టు వచ్చింది. మొన్న టీ కొట్టు దగ్గర, మా పాత క్వార్టర్ల వరుసలోనే ఉంటున్న ఒక కార్మికుడిని, డబ్బాలో ముద్ద ఏమైనా మిగిల్చి తెస్తావా అని అడిగాను. ఎందుకు కాకా అన్నాడు. ఊరికే అడిగానన్నాను.

నేను ఒక్కడినే వండుకుని తింటున్నాను. బ్రెజిల్ నుంచి వచ్చిన కొత్తలో ఒకరోజు, కొంచెం అన్నం మిగిల్చి మూత పెట్టి చూశాను. మరునాడు దాన్ని నేనే తీసి పారేయవలసి వచ్చింది. ఆ తరువాత మా ఇంట్లో ముద్ద మిగిల్చడం లేదు.