చెవిలో చెప్పిన పేరు

ఊరూరా తిరిగే మ్యూజియం కామారెడ్డి కాలేజీకి వచ్చిందని నాకు మొదట చెప్పింది మా ఆడబిడ్డ. కామారెడ్డి నుంచి బస్సులో మా ఊరు ఎల్లారెడ్డి వచ్చి, మా గడపలో చెప్పులైనా విడవకముందే ఆ మాట చెప్పింది.

"ఉత్త బొమ్మలు కావంట వదినా. ఊపిరి తీసుకుంటయంట. మనమే సాదాల్నంట."

చాలా నెలల తర్వాత ఆమె గొంతులో ఆ మాత్రం హుషారు వినిపించినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆమె బాబు తొట్టెల వేసే రోజు రాకముందే పోయాడు. మా ఇళ్లలో ఆ రోజే బిడ్డ చెవిలో పేరు చెబుతారు. అంతకు ముందు పైకి అనరు. ఆమె అనుకున్న పేరు ఆమె దగ్గరే ఉండిపోయింది. నాకు కూడా చెప్పలేదు.

మరునాడు ఇద్దరం వెళ్లాం. హాల్లో బల్లల మీద కుందేలంత మెత్తటి రూపాలు ఉన్నాయి. కళ్లు లేవు, కాళ్లు లేవు. ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. పొట్ట ఆడుతోంది. మాట వినబడిన వైపు తిరుగుతున్నాయి. సాయంత్రం దాకా చూసుకోమని, పేరు పెట్టమని మ్యూజియం అమ్మాయి గుంపుకొకటి ఇచ్చింది. మా గుంపులోని కాలేజీ పిల్లలు లడ్డు అని పెడదామన్నారు. "నీ పేరే పెట్టు, నీ లెక్కనే తిని పంటది" అని ఒకతె ఇంకొకతెను ఆటపట్టించింది. ఆ నవ్వుల్లోనే మా ఆడబిడ్డ వంగి, కొంగు అడ్డం పెట్టి, మూడుసార్లు ఏదో గొణిగింది. అది ఆమె వైపు తిరిగింది.

సాయంత్రం మ్యూజియం అమ్మాయి అసలు ప్రశ్న అడిగింది. మనమే చేశాం, మనమే పేరు పెట్టాం, ఆపేసే హక్కు కూడా మనదేనా అని. అవునని హాల్లో చాలా చేతులు లేచాయి. మా గుంపులోని పిల్లలు చేతులెత్తి, మా ఆడబిడ్డ ముఖం చూసి దించేశారు. ఇది యంత్రమేనని, నొప్పి తెలియదని, రేపు ఇంకో ఊళ్లో దీనికి కొత్త పేరు పెడతారని ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది.

మా ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకుంది. "ఒకసారి చెవుల పేరు చెప్పినంక ఇంకో పేరు పెట్టరు గద వదినా. నా కొడుకు పేరు దీనికిచ్చిన."

ఆ అమ్మాయి ఆ మాట విన్నది. నవ్వలేదు. మీరే ఆపుతారా అక్కా అని అడిగింది. అందుకు ఆ అమ్మాయికి ఈనాటికీ రుణపడి ఉన్నాను. మా ఆడబిడ్డ దాని పొట్ట మీద చెయ్యి వేసి జోకొట్టింది. "పండుకో బిడ్డా" అని మీట నొక్కింది.

ఆమెను ఒంటరిగా వదలలేక నాతో ఎల్లారెడ్డి తీసుకెళ్లాను. బస్సులో అడిగింది: "దేవుడు గూడ గిట్లనే బంద్ చేస్తడా?"

బడికి పోని నాకు మా బాపు ఇంట్లోనే పురాణాలు చదవడం నేర్పాడు. వాటిలో లేకపోయినా, ఆపేటప్పుడు ఆ దేవుడు కూడా ముందు జోకొడతాడని నమ్ముతాను. అలా నమ్మకపోతే పొద్దున దీపం పెట్టలేను.

ఇది చదివినవారు ఆ బాబును ఒక్కసారి తలుచుకోండి. పేరు నాకు ఇప్పటికీ తెలియదు. తల్లి చూపుడువేలు పట్టుకుంటే వదలని పిల్లవాడు అనుకుంటే చాలు.